గుమ్మం బయట నాలుగు జతల చెప్పులు

ఓడ రేవు చేరుతుండగా రాజు అనంగభూపతికి ఒక సరదా పుట్టింది. రేపు ఎలాగూ శంఖద్వీపం రాజుగారి అతిథిగా మేళతాళాలతో ఊరేగాలి. ఈ ఒక్కరోజు మాత్రం ఆ నగరంలో అక్కడి మనిషిలా తిరగాలి. పరదేశులమని ఎవరూ పసిగట్టకూడదు.

ఆ పని తనకు వదిలేయమన్నాడు ఆస్థాన పండితుడు మార్కండేయశాస్త్రి. భాష ఎలాగూ ఒకటే; ఆ దేశపు వేషం, నడక అన్నీ పుస్తకాల్లో చదివాడట. భయమల్లా విదూషకుడు పేరయ్య నోటితోనేనట.

"గుట్టు బయటపడితే అది ఇతని వల్లే ప్రభూ. ఇదే ఓడలో వెనక్కి పంపేయండి. మళ్ళీ కొలువులో అడుగుపెట్టనివ్వకండి."

హుషారు మీదున్న రాజు సరేనన్నాడు. పేరయ్యకు కొలువు తప్ప వేరే బతుకుతెరువు లేదు. ఓడ దిగింది మొదలు నోరు కట్టేసుకున్నాడు.

శాస్త్రి చెప్పినట్టే పొడుగు అంగీలు తొడుక్కుని, చేతులు వెనక్కి కట్టుకుని అంగడి వీధులు తిరిగారు. అలా నడుస్తుంటే తనను ఎవరో బందీగా తీసుకెళ్తున్నట్టుందని సేనాని మల్లినేడు గొణిగాడు. ఊరివాళ్ళు మాత్రం వాళ్ళవంక తలెత్తి చూడలేదు.

మధ్యాహ్నం ఆకలేసి ఒక పూటకూళ్ళ ఇంటికి వెళ్ళారు. గుమ్మం దగ్గర శాస్త్రి చెప్పులు విడిచాడు. వెనకే రాజు, సేనాని, పేరయ్య కూడా విడిచారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్న పని. ఎవరికీ తప్పు తోచలేదు.

నాలుగు ముద్దలు తిన్నారో లేదో, వీధిలోంచి ఏడుపులు వినిపించాయి. జనం గుంపుగా లోపలికి వచ్చారు. ఒక ముసలాయన పేరయ్యను కావలించుకుని భోరుమన్నాడు. గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చిన పూటకూళ్ళావిడ నిర్ఘాంతపోయింది. ఆ ఊళ్ళో ఇంట్లో కూడా చెప్పులు విడవరు. గుమ్మం బయట చెప్పులున్నాయంటే వాటిని తొడుక్కున్న మనిషి పోయాడనే.

"ఆ చెప్పులు మావే" అన్నాడు మల్లినేడు అమాయకంగా.

ఏడుపులు ఠక్కున ఆగాయి. ముసలాయన నలుగురినీ ఎగాదిగా చూశాడు.

"బతికుండగా చెప్పులు బయటపెట్టారా? ఇంతకీ మీరు ఏ దేశం వాళ్ళు?"

శాస్త్రి ముఖం పాలిపోయింది. అయినా రాజు చెవిలో, "నేను చెప్పలేదా ప్రభూ, అంతా ఈ పేరయ్య వల్లే" అన్నాడు. పేరయ్య అప్పటిదాకా పెదవి విప్పలేదు.

ఇక విప్పక తప్పలేదు. వీధివైపు బెదురుగా చూసి, గొంతు తగ్గించాడు.

"మెల్లగా తాతా. మా వీధి కవి ఒకడు, కొత్త కావ్యం వినిపిస్తానని పొద్దుటి నుంచీ మా వెంటపడ్డాడు. ఎంత కవైనా చావింట్లో పద్యాలు చదవడు కదా."

 ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అలాంటివాడు తమ వీధిలోనూ ఉన్నాడని ఒకరు, తన మరిదేనని మరొకరు అందుకున్నారు. వేణువు వాయించేవాళ్ళకు కూడా ఇది పనిచేస్తుందా అని పూటకూళ్ళావిడ అడిగింది. ఆమె భర్త వేణువు నేర్చుకుంటున్నాడట.

"పరదేశులేమోనని అనుమానపడ్డాను, తప్పయిపోయింది" అన్నాడు ముసలాయన. "ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాడికి తప్ప ఇంత ఉపాయం తోచదు."

తన చెప్పులు కూడా గుమ్మం బయట వదిలేసి వచ్చి, పేరయ్య పక్కన భోజనానికి కూర్చున్నాడు.

అందరి నవ్వులోనూ రాజు నవ్వే గట్టిగా వినిపించింది. నవ్వుతూనే బల్ల కింద చెయ్యి చాపి, తన పచ్చల ఉంగరం పేరయ్య వేలికి తొడిగాడు.