పుట్టింటికొచ్చిన గుర్రపుడెక్క

వీరనరేంద్ర మహారాజుకు పువ్వుల పిచ్చి. ఆ పిచ్చి కాస్తా ఊరి మీదికొచ్చింది.

దండనాథుడు మాచిరాజు సముద్రం అవతలి నుంచి గుర్రపుడెక్క అనే ఊదాపూల నీటిమొక్క ఒకటి తెచ్చి, "ప్రభూ, ఇది నా కన్నకూతురితో సమానం. మీ చెరువుకు కోడలిగా ఇస్తున్నా" అన్నాడు మీసం దువ్వుతూ.

రాజు మురిసిపోయాడు. దాని ఆకు తుంచినవాడికి వంద కొరడాదెబ్బలని చాటింపు వేయించాడు.

ఇంకేముంది! ఏడాది తిరిగేసరికి చెరువంతా గుర్రపుడెక్కే. పడవ కదలదు, వల దిగదు, చేపలు చచ్చి తేలుతున్నాయి. బెస్తలు మూటాముల్లె సర్దుకుంటున్నారు. రాజుగారికి చేపల పులుసు వండే నూకాలుదీ ఆ బెస్తపేటే. తమ్ముడింట్లో పొయ్యి వెలగడం లేదని ఆమె చెవిన పడింది.

నేరుగా సభకు వెళ్ళి దణ్ణం పెట్టింది.

"మారాజా, మాచిరాజుగారి అమ్మాయి చెరువు నిండా పిల్లల్ని కనేసింది. ఒక్క కాన్పైనా పుట్టింట్లో జరగలేదు! లోకం ఏమనుకుంటుంది?"

సభ గొల్లున నవ్వింది. రాజుకు సరదా పుట్టింది.

"నిజమే! మాచిరాజూ, ఈసారి పురుడు నువ్వే పోయాలి."

కాదంటే పరువు తక్కువ. ఒక్క మొక్కేగా అనుకుని మాచిరాజు తలూపాడు. మేళతాళాలతో, పసుపుకుంకుమలతో, చలిమిడితో సహా కూతురు పుట్టింటికెళ్ళి ఆయన తామరకొలనులో దిగింది. ఆ కొలనంటే ఆయనకు ప్రాణం.

రెండు నెలలు గడిచాయి. రాజు భోజనానికి కూర్చున్న వేళ మాచిరాజు తడిబట్టలతో పరుగెత్తుకొచ్చాడు.

"ప్రభూ, దాన్ని పీకేయడానికి సెలవివ్వండి!"

"అయ్యో, కన్నకూతుర్నా?"

"కూతురు కాదు ప్రభూ, నా కొంపకు కొరివి! కొలనంతా కప్పేసింది. నా తామరలకు ఊపిరాడటం లేదు!"

అప్పుడే నూకాలు పులుసు వడ్డించింది. రాజు గరిటెతో ఎంత వెతికినా ముక్క తగల్లేదు.

"ఏమే, చేపేదీ?"

నూకాలు మాచిరాజు వైపు తిరిగింది.

"బాబుగారి తామరలకు రెండు నెలల నుంచే ఊపిరాడటం లేదు. మా చేపలకు ఏడాదైంది మారాజా!"

రాజు ఖాళీ పులుసు చూశాడు, నీళ్ళోడుతున్న దండనాథుణ్ణి చూశాడు. పొలమారేదాకా నవ్వాడు. చాటింపు అక్కడికక్కడే రద్దయింది. ప్రతి మొక్కనూ వేళ్ళతో సహా పీకి, ఒడ్డుకు దూరంగా ఎండబెట్టి తగలబెట్టాలన్నాడు. చెరువులో మొదట దిగాల్సింది మాచిరాజే. ఇకమీదట పరాయి మొక్క ఏదొచ్చినా నూకాలు చూసి సరేనన్నాకే నీళ్ళలో దిగాలన్నాడు. చేతి కడియం తీసి ఆమెకిచ్చాడు.

మర్నాడు నడుంలోతు బురదలో మాచిరాజు మొక్కలు లాగుతుంటే, నూకాలు గట్టు మీద నుంచి కేకేసింది.

"బాబుగారూ, చూసి పీకండి! ఒక్క పిలక మిగిలినా పురిటికి మీ ఇంటికే పంపుతాం!"

బెస్తపేటంతా పగలబడి నవ్వింది.