తోకల్లేని చిలకలు

మల్లెకొండ చిన్న ఊరే. అయినా దానికో రాజుగారున్నారు. పేరు జగ్గభూపతి. ఆయనకు నాటకాల పిచ్చి. పట్టాభిషేకం నాడు తానే అర్జునుడి వేషం కట్టి శభాష్ అనిపించుకున్నారు. ఆ వేషానికి కుట్టించిన చిలకల ఎర్ర అంగీని మురిపెంగా దర్బారు కిటికీ పక్కన తగిలించుకున్నారు.

పన్నెండేళ్లు గడిచాయి. ఒకరోజు రాజుగారికి బుద్ధి పుట్టింది.

"ఈ వసంతోత్సవానికి మళ్లీ నేనే అర్జునుణ్ణి. అదే అంగీతో!"

అంగీ దింపారు, తొడిగారు. చేతులు దూరాయి. పొట్ట దగ్గర మాత్రం రెండంచులూ అలిగిన తోడికోడళ్లలా ఎడంగా నిలబడ్డాయి. దర్బారంతా నేల చూపులు చూసింది.

"ఎండకు కుంచించుకుపోయింది," అని రాజుగారే తేల్చేశారు.

నాంచారమ్మకు కబురెళ్లింది. దివాణం వారి వేషాల కొట్టు ఆవిడ చేతిలోనే ఉంది. ముప్పై ఏళ్లుగా ఊళ్లో దేవుడి వేషమైనా రాక్షసుడి వేషమైనా, గుడ్డకు రంగు వేసేదీ, అచ్చులు అద్దేదీ, కుట్టేదీ ఆవిడే. అంగీని చూసింది, రాజుగారిని చూసింది.

"నిజమే ప్రభూ, ఎండే. పొట్ట దగ్గర మరీ గట్టిగా కాసినట్టుంది."

రాజుగారు మీసాల చాటున నవ్వు ఆపుకున్నారు. కానీ ఆయన బట్టలు కుట్టే దర్జీ విరూపాక్షయ్య ఊరుకుంటాడా?

"పనితనం ఉంటే గదా ప్రభూ! పక్క కుట్ల వెంట ఈ చిలకల్ని చూడండి, ఒక్కదానికీ తోక లేదు. పన్నెండేళ్లుగా చూసి నవ్వుకుంటున్నాను. వేషాల కొట్టు నాకప్పగించండి, కొత్త అంగీ కుట్టేస్తాను."

"కొత్తది నాకొద్దు," అన్నారు రాజుగారు. "నాంచారమ్మా, నాలుగు రోజుల్లో ఇదే అంగీ నాకు పట్టాలి. బయటి గుడ్డ పేలిక కూడా కలపకూడదు. పట్టకపోతే కొట్టు తాళాలు విరూపాక్షయ్యవి."

నాంచారమ్మ అంగీ అందుకుని మడత పెట్టింది. రంగు తొట్లూ, వాళ్లమ్మ చెక్కిన చిలక అచ్చూ అన్నీ ఆ కొట్టులోనే ఉన్నాయి. అది లేకపోతే ఆవిడకు తెల్లారి లేచి చేసేందుకు పనే లేదు. అంగీ చంకన పెట్టుకుని పోతూ, "లోపలిది పురుగు కొట్టకుండా ఉంటే చాలు తల్లీ," అని దారి పొడుగునా గొణుక్కుంది.

నాలుగో రోజు రాజుగారు అంగీ తొడిగారు. అంచులు కలిశాయి. బొత్తాలు పడ్డాయి. అయితే రెండు పక్కలా, వెలిసిన గుడ్డ మధ్యన, కొత్త పెళ్లికూతురి పారాణిలా ఎర్రగా ఓ పట్టీ మెరుస్తోంది.

విరూపాక్షయ్య ఎగిరి గంతేశాడు. "మోసం! ఈ పట్టీ కొత్త గుడ్డ!"

"ఏమిటిది నాంచారమ్మా?" రాజుగారి గొంతు మారింది.

"ఆయన్నే చూడమనండి ప్రభూ. ఆ చిలకల్ని ఆయన చూసినంత శ్రద్ధగా ఈ ఊళ్లో ఎవరూ చూడలేదు."

విరూపాక్షయ్య వంగి చూశాడు. వెలిసిన ఎరుపులో చిలక ముక్కు, ముదురు ఎరుపులో అదే చిలక తోక. రంగు మారినచోట పాత సూది బెజ్జాల వరస ఉంది గానీ అతుకు లేదు. గోటితో గీకాడు. లేనే లేదు.

"తోకలున్నాయి," అన్నాడు నీళ్లు నములుతూ.

"వేషం ఈ ఏడు బక్కవాడు కడతాడు, వచ్చే ఏడు బొద్దువాడు కడతాడు," అంది నాంచారమ్మ. "అందుకే మేం మిగిలిన గుడ్డ కోసెయ్యం, కుట్టు లోపలికి మడిచి దాస్తాం. బయటిది ఎండకు వెలిసింది, లోపలిది నీడపట్టున ఉంది. అంతే ప్రభూ."

రాజుగారు కళ్లు చిట్లించారు. "బాగానే ఉంది. కానీ ఇది నా ఒక్కడికే కుట్టిన అంగీ. నేను బొద్దవుతానని నీకు ఆనాడే తెలుసా?"

విరూపాక్షయ్య మొహం వెలిగింది.

నాంచారమ్మ చేతులు జోడించింది.

"మీ ఏలుబడిలో పంటలు బాగా పండుతాయని తెలుసు ప్రభూ. ఆ నమ్మకం కొద్దీ ఒక్కో పక్కకు ఆరేసి వేళ్ల వెడల్పు గుడ్డ వదిలాను."

రాజుగారు పగలబడి నవ్వారు. పొట్ట కదిలిపోయింది గానీ కుట్టు చెక్కుచెదరలేదు. దర్బారంతా నవ్వింది. కొట్టు తాళాలు ఇక జన్మంతా ఆవిడవేనన్నారు. వాటికి వెండి గొలుసు వేయించి, విరూపాక్షయ్య చేతే ఆవిడకు ఇప్పించారు.

"ఇంతకీ ఆ ఆరు వేళ్లలో ఎన్ని అయిపోయాయి?" అని రాజుగారు కళ్లు తుడుచుకుంటూ అడిగారు.

"నాలుగు ప్రభూ. ఇక బొబ్బట్లు కాస్త చూసుకుని తినండి."