కొండమల్లి చెవి

అనగనగా, రేగుపొదలు దట్టంగా అల్లుకున్న ఒక అడవిలో కొండమల్లి అనే కుందేలు ఉండేది. దానికి తన చెవులంటే ఎంతో మురిపెం. పొడుగ్గా, నిటారుగా, ఎండలో గులాబీ రంగు తేలుతూ ఉండేవి మరి!

ఒకరోజు నక్క తరిమింది. కొండమల్లి రేగుకంపలోకి దూరి ప్రాణం దక్కించుకుంది. కానీ కుడిచెవి నిలువునా చీలిపోయింది.

ఆ అడవిలో దెబ్బలకు కుట్లు వేసేవాడు ఈనయ్య. గిజిగాడు కదా, నారతో కుట్టడం వాడికి బాగా తెలుసు. వాడే ఆ చెవిని కుట్టి కాపాడాడు. అయితే గాయం మానాక చూస్తే, చెవి కొస వాడిన ఆకులా వెనక్కి మడత పడి ఉంది.

"వినపడుతోంది కదా, ఇంకేం కావాలి?" అన్నారు అందరూ.

"వినపడితే చాలని మీరంటున్నారు. చూసుకోవాల్సింది నేను కదా!" అంది కొండమల్లి.

పక్క చెట్టు మీది ఉడుత అత్త కస్సుమంది. "మళ్ళీ ఆ ఈనయ్య గడప తొక్కకు! ఒకసారి పాడుచేసినవాడు ఇంకోసారి బాగుచేస్తాడా?"

ముళ్ళపంది తాత తల అడ్డంగా ఊపాడు. "చెవి కాపాడినవాణ్ణి కాదని ఇంకొకరి దగ్గరికి వెళ్తావా? విశ్వాసం ఉండొద్దూ?"

కొండమల్లి ఆలోచనలో పడింది. అత్తది కోపం. తాతది మొహమాటం. చెవి మాత్రం తనది. మళ్ళీ కోత పడితే ఉన్న చెవి కూడా పోవచ్చు. 'నేనే వెళ్ళి అడుగుతాను' అనుకుంది.

ముందుగా చెరువు దగ్గరికి కొత్తగా వచ్చిన కొంగ వైద్యుడి దగ్గరికి వెళ్ళింది.

"అయ్యో, ఎవడమ్మా ఇలా చెడగొట్టింది?" అన్నాడు కొంగ, నీళ్ళలోంచి కదలకుండానే. "రేపు రా. ఇట్టే నిలబెట్టేస్తాను."

"చెవి పట్టుకుని చూడరా?"

"నాకు చూడక్కర్లేదు."

"మీ దగ్గర బాగైనవాళ్ళను ఒకసారి చూడొచ్చా?"

"వాళ్ళంతా దూరపు అడవుల్లో ఉన్నారు."

"ఒకవేళ సరిగ్గా రాకపోతే?"

"నా చేతిలో అలా జరగదు!"

కొండమల్లి నమస్కారం పెట్టి వచ్చేసింది.

తర్వాత ఈనయ్య గూటి కిందికి వెళ్ళింది.  తల ఎత్తి పిలిచింది.

"ఈనయ్య మామా! నా చెవిని నువ్వే కాపాడావు. అది మరిచిపోను. కానీ ఈ మడత నాకు నచ్చలేదు. ఎందుకు వచ్చిందో చెప్పు."

ఈనయ్య ఈకలు ఒక్కసారిగా నిక్కబొడుచుకున్నాయి. "అడవంతా నా పనిని మెచ్చుకుంటోంది, తెలుసా?"

"నేనూ మెచ్చుకుంటాను. అందుకే నిన్ను అడగడానికి వచ్చాను."

ఈనయ్య ఈకలు సర్దుకున్నాడు. మెల్లగా కిందికి దిగి, ఆ మడతను ముక్కుతో తడిమి తడిమి చూశాడు.

"కొసన ముడి గట్టిగా బిగించాను. అందుకే చర్మం ముడుచుకుపోయింది. పొరపాటు నాదే, తల్లీ."

"సరిచేయగలవా?"

"చేయగలను. కానీ ఇప్పుడు కాదు. మచ్చ ఇంకా గట్టిగా ఉంది, వానలు వెళ్ళేదాకా ఆగాలి. చేశాక కూడా ఒక గీత ఉండిపోతుంది. కొస ఎండిపోయే ప్రమాదమూ ఉంది. ఇలా విప్పి కుట్టడం ఇదివరకు చేశాను. దుప్పి చెవి బాగా వచ్చింది. ముంగిస పెదవి అనుకున్నంత రాలేదు. ఇద్దరినీ చూసి, అప్పుడు చెప్పు."

కొండమల్లి దుప్పిని చూసింది. చెవి చక్కగా ఉంది. ముంగిసను చూసింది. పెదవి కాస్త వంకరగానే ఉంది.

"నీకు కోపం రాలేదా?" అని అడిగింది.

"పూర్తిగా పోకపోవచ్చని ముందే చెప్పాడమ్మా," అంది ముంగిస. "పుండు మానేదాకా రోజూ వచ్చి చూశాడు. మొహం చాటేయలేదు."

కొండమల్లి తిరిగి వచ్చింది. "మామా, నీ చేతికే ఇస్తున్నాను. ఆగమన్నన్నాళ్ళూ ఆగుతాను."

వానలు వెళ్ళాయి. ఈనయ్య పాత ముడి విప్పి, మడత సాపు చేసి, ఈసారి కుట్టు వదులుగా వేశాడు. రోజూ వచ్చి కొస వెచ్చగా ఉందో లేదో చూసుకున్నాడు. కట్టు విప్పిన పొద్దున చెవి నిటారుగా లేచి నిలబడింది. పక్కన సన్నని గీత ఒకటి మిగిలింది.

ఈనయ్య రొమ్ము విరుచుకుని కొమ్మ మీద అటూ ఇటూ నడిచాడు. చూడవచ్చిన గిజిగాడి పిల్లలతో, "మొదటిసారి ముడి ఎక్కడ తప్పిందో ముందు చెబుతాను, వినండి" అన్నాడు గర్వంగా.

అప్పుడు ఉడుత అత్త వచ్చి వింతగా చూసింది. "ఎవరే ఇంత బాగా చేసింది?"

కొండమల్లి రెండు చెవులూ నిక్కించి, గీత ఉన్న వైపే అత్తకు చూపించింది.

"చేసింది ఈనయ్య మామ, అత్తా. ఆయన దగ్గరికే వెళ్ళాలని తేల్చుకున్నది నేను!"

నీతి: పని చెడినప్పుడు అదే చేతికి మళ్ళీ అప్పగించాలా వద్దా అన్నది కోపంతోనో మొహమాటంతోనో తేల్చుకోకండి. సూటిగా అడగండి. తప్పు ఒప్పుకుని ఉన్నదున్నట్టు చెప్పేవారిని నమ్మండి.