చేతి మీద సుడిగాలి

ఇది చిన్న కథ. పొయ్యి మీద టీ పొంగేలోపు అయిపోతుంది.

మా ఊళ్లో బొంతలు కుట్టే ఈరమ్మవ్వ దగ్గర సుంకులమ్మ అనే శిష్యురాలు ఉండేది. ఉండేది అంటే ఇప్పుడు లేదని కాదు, నిన్న కూడా కనిపించింది. ఆమె మొగుడు మద్దిలేటి కూడా ఉన్నాడు. కోళ్ల షెడ్డు పెడతానని చాలాకాలంగా చెబుతున్నాడు. రేకులు వచ్చాయి, కోళ్లు రాలేదు. ఇప్పుడు ఆ రేకుల కింద మద్దిలేటే పడుకుంటున్నాడు. అతని సంగతి ఇక్కడ అనవసరం.

ఈరమ్మవ్వ పని నేర్పేటప్పుడు మాట్లాడదు. పాత చీరల ముక్కలు ముందు పెట్టుకుని అందరూ కుడుతుంటే, మధ్యలో కూర్చుని చూస్తుంది. కుట్టు వంకర పోతే చెయ్యి చాపి దారం లాగేస్తుంది. బాగుంటే లాగదు. అంతకు మించిన మెప్పు ఆమె దగ్గర ఎవరికీ దొరకలేదు. సర్పంచి భార్య ఆ మెప్పు కోసం కొన్నాళ్లు కూర్చుని, చివరికి సూది పోగొట్టుకుని ఇంటికి వెళ్లింది.

సుంకులమ్మ మాత్రం ఒక కొత్త నమూనా కనిపెట్టింది. ఎండాకాలం చేలో లేచిన సుడిగాలిని చూసి వచ్చి, మూడు మూలల ముక్కలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతున్నట్టు పేర్చింది. నడిమధ్యన ఒక ఎర్ర ముక్క. కాసేపు చూస్తే బొంత నిజంగా తిరుగుతున్నట్టే ఉంటుంది. మద్దిలేటి దాన్ని కప్పుకుని కళ్లు తిరుగుతున్నాయన్నాడు గానీ, దానికి కారణం వేరు.

ఆ బొంతను ఈరమ్మవ్వ అటూ ఇటూ తిప్పి చూసింది. దారం లాగలేదు. మడిచి ఇచ్చేసింది.

తర్వాత సుంకులమ్మ కొట్టాలపల్లెలో ఒక పెళ్లికి వెళ్లింది. అక్కడ పెళ్లికూతురి సామాన్ల మీద అదే సుడిగాలి నమూనాతో ఎవరో కుట్టిన బొంత పరిచి ఉంది. పక్కనున్న ఒకావిడ గర్వంగా చెప్పింది: "ఇది మా ఊరి పని. మా తాతల కాలం నుంచీ ఉంది. నువ్వూ నేర్చుకో చెల్లే, మెల్లమెల్లగా వస్తాదిలే."

సుంకులమ్మ పాయసం తినకుండా తిరిగొచ్చింది. సంగతి ఎంతదూరం పోయిందో మాకు అప్పుడే అర్థమైంది.

మర్నాడు ఆమె కళ్లు మెరిసిపోతున్నాయి. తిరుణాలకు పచ్చబొట్ల మిషను వస్తుందని తెలిసిందట. సుడిగాలిని కాగితం మీద గీసుకుని, ఊరంతా చూపించింది. "ఇంగ ఎవురన్నా మాదంటే చెయ్యి జాపి చూపిస్తా. తోలు మీద ఉన్నదాన్ని కాదంటారా?"

"చెయ్యి మీద బొంతేందే, చలేస్తాదా?" అన్నాడు మద్దిలేటి.

"నువ్వు రేకుల కింద పడుకోపో."

ఊళ్లో ఆడవాళ్లందరికీ హుషారు పట్టుకుంది. భుజం మీదైతే బాగుంటుందని ఒకరు, మెడ మీదని ఒకరు. పచ్చబొట్టంటే పాపమని వాదించే పోస్టుమాస్టరు కూడా, మధ్యలో ఎర్ర రంగు మర్చిపోవద్దని చెప్పి వెళ్లాడు.

కానీ ఈరమ్మవ్వ ఒప్పుకోవాలి. సుంకులమ్మ కాగితం పట్టుకుని ఆమె ముందు కూర్చుంది.

"అవ్వా, ఇది నేను పేర్చిన నమూనానే గదా. పొడిపించుకోనా?"

ఈరమ్మవ్వ కాగితం చూసింది. "నొప్పెట్టదా?"

"పెట్టనీ."

"ఎంతసేపు పడ్తాదంట?"

"తెలీదవ్వా."

"ముసలోళ్లకు గూడా పొడుస్తారా?"

"అందరికీ పొడుస్తారు. ఎందుకవ్వా?"

"ఊరికే. నేనూ వస్తా తిరుణాలకు."

ఇంతకు ముందు ఈరమ్మవ్వ తిరుణాలకు వెళ్లింది ఎవరూ చూడలేదు. నలుగురిలో నిలబెట్టి చీవాట్లు పెట్టడానికే వస్తోందని ఊరు తేల్చేసింది. అందుకని ఒక్కరు కూడా ఇంటి దగ్గర ఆగలేదు.

మిషను దగ్గర కుర్రాడు తన బోర్డు చూపించాడు. తేళ్లు, సింహాలు, గుండెకాయలు. సుంకులమ్మ కాగితం ఇచ్చింది. వాడు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, లేచి నిలబడ్డాడు. "అక్కా, ఇట్లాంటిది నేను ఏ తిరుణాల్లోనూ చూళ్లేదు. ఎవరు గీసినారు?"

"నేనే!" అన్న కేక రంగులరాట్నం దాకా వినిపించింది. స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపింది. వాడు దూదితో తుడిచి, మిషను పట్టుకున్నాడు. అది గుయ్యిమంది.

ఈరమ్మవ్వ వెనక నుంచి వచ్చి ఆమె భుజం తట్టింది.

"లెయ్."

అందరం ముందుకు జరిగాం. సుంకులమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎందుకవ్వా? నీకు నచ్చలేదా?"

"కుట్టినామె ముందుగాల కప్పుకుంటాదా?"

మా వైపు అది ఆచారం. బొంత కుట్టినామె దాన్ని ముందు తాను కప్పుకోదు. ఇంకొకరు ఒక రాత్రి కప్పుకుని లేవాలి. సుంకులమ్మ తలొంచుకుని లేచింది.

ఈరమ్మవ్వ ఆ స్టూలు మీద కూర్చుంది. గాజులు పైకి తోసింది. చెయ్యి చాపింది.

కుర్రాడు మిషను ఆపేశాడు. "అవ్వా, తోలంతా ముడతలు. గీత సరిగ్గా రాదు."

"సుంకులూ, పట్టుకో."

సుంకులమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. గుడ్డ మీద ముక్క వేసేటప్పుడు ముడత లేకుండా ఎలా లాగి పట్టుకుంటుందో, గురువు చేతిని అలా రెండు వైపులా లాగి పట్టుకుంది. మిషను మళ్లీ గుయ్యిమంది. సుడిగాలి ఒక్కొక్క మూలా తిరుగుతూ వచ్చింది. ఈరమ్మవ్వ ఒకసారి మాత్రం "అబ్బ" అంది. మద్దిలేటి రెండుసార్లు అన్నాడు, అతన్ని ఎవరూ ముట్టుకోలేదు.

చివర్లో కుర్రాడు అడిగాడు: "కింద పేరు రాయమంటావా అవ్వా?"

"వద్దు. చూసినోళ్లు అడుగుతారు. నేను చెప్తా."

పని అయిపోయినా సుంకులమ్మ ఆ చెయ్యి వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే ఈరమ్మవ్వ బస్సెక్కి కొట్టాలపల్లె వెళ్లింది. అక్కడ ఆమెకు చుట్టాలెవరూ లేరు.