అసిరమ్మ జాగా

ఊఁ కొట్టే ఓపిక ఉంటే చెబుతాను, వినండి. ఏలిన రాజు పేరు కూడా ఎవరికీ గుర్తులేనంత పాతకాలం. కొండల దిగువన ఒక సీమ. ఆ సీమకు ఒక కరువు కొట్టు. కోతలైనప్పుడల్లా ప్రతి ఇంటివాళ్ళూ గంపెడు ధాన్యం తెచ్చి అందులో పోసేవారు. వానలు పడని ఏట తలుపులు తీసి అందరికీ పంచాలని రాజుగారి ఆజ్ఞ.

కొట్టులో మూడు పెద్ద రాశులు. వాటి మీద ముద్రలు వేసేది అసిరమ్మ. మొగుడు పోయిన మనిషి. ఒక్క కూతురు తప్ప నా అన్నవాళ్ళు లేరు. కొట్టు తాళాలు చేతిలో ఉన్న కొట్టుదొర రాశుల్ని చదును చేయించి కబురు పెడితే వెళ్ళేది. పైన తడిబూడిద పరిచి, చెక్కముద్రతో వరసగా అద్దేది. ఎవరైనా గింజ తీస్తే బూడిద చెదురుతుంది, దొంగతనం బయటపడుతుంది. ముద్ర చెరిపినవాళ్ళ చెయ్యి నరకాలని శాసనం. శాసనం రాసినవాడి చెయ్యి కాదు కదా, ఏమైనా రాస్తాడు.

రాజుగారి తనిఖీదారు మొదటిసారి గుర్రమెక్కి వచ్చాడు. ముద్ర చూశాడు. "ముద్ర బాగుంది" అన్నాడు. కొట్టుదొర ఇంట్లో భోంచేసి పోయాడు.

ఆ ఏడు కొట్టులోంచి ఎలుకలు పోయాయి.

రెండోసారి పల్లకి ఎక్కి వచ్చాడు. ముద్ర చూశాడు. "ముద్ర బాగుంది" అన్నాడు. కొట్టుదొర ఇంట్లో భోంచేసి పోయాడు.

ఆ ఏడు కొట్టులోంచి పిల్లి పోయింది.

అసిరమ్మకు గుబులు పట్టుకుంది. కొట్టుదొర దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, కొట్లో ఎలకల్నేవు. పిల్లీ ఎల్లిపోనాది. గింజున్నకాడ ఎలక నేకుండా ఉంటాదా?"

"ముద్ర బాగుందా లేదా?"

"బాగుంది బాబూ."

"మరి నీకెందుకే ఎలకల గొడవ? నీ పని ముద్ర. వేసి పో."

అసిరమ్మ ముద్ర వేసి ఇంటికి పోయింది. ఏం చేస్తుంది? కింద ఏముందో చూడాలంటే పైన ముద్ర చెరపాలి. చెరిపితే చెయ్యి పోతుంది.

మూడో ఏడు వానలు పోయాయి. వరి పొట్ట మీదే ఎండింది. జనం చింతపిక్కలు ఉడకేసుకు తిన్నారు. అప్పటికి బాలింతగా ఉన్న అసిరమ్మ కూతురికి పాలు ఇంకిపోయాయి, చంటిది ఏడవడం కూడా మానేసింది. పొరుగు సీమ నుంచి ధాన్యం బళ్ళు తెప్పించాలా అని రాజు అడిగాడు. కొట్టు నిండుగా ఉంటే బళ్ళు రావు. లేకపోతే వస్తాయి. ఆ సంగతి తేల్చడానికి తనిఖీదారు ఈసారి ఏనుగెక్కి వచ్చాడు. కరువులో ఏనుగును మేపగలిగిన పుణ్యాత్ముడు. జనమంతా కొట్టు గుమ్మం దగ్గర మూగారు.

ముద్ర చూశాడు. "ముద్ర బాగుంది" అన్నాడు. కొట్టుదొర ఇంటి నుంచి చేపల పులుసు వాసన వస్తోంది. తనిఖీదారు గుమ్మం వైపు తిరిగాడు.

అసిరమ్మ అడ్డం వచ్చింది. "ముద్దరే సూసినారు బాబూ. గింజ సూడనేదు."

"ముద్ర ఉంటే గింజ ఉన్నట్టే."

"ఒక్కపాలి సెయ్యెట్టి సూడండి బాబూ, మీ కాళ్ళట్టుకుంతాను."

"ముద్ర చెరుగుతుంది కదే, పిచ్చిదానా!" అని నవ్వాడు. కొట్టుదొరా నవ్వాడు.

అసిరమ్మకు చంటిదాని మొహం కళ్ళలో మెదిలింది. ఇంకేం ఆలోచించలేదు. మొదటి రాశిలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చింది. బూడిద చిట్లింది, ముద్రలు చెదిరాయి. పిడికిలి బయటికి తీసి వాళ్ళ ముందు విప్పింది.

ఊక. గుప్పెడు ఊక.

తనిఖీదారు నవ్వు ఆగిపోయింది. మూడుసార్లు బాగుందని చెప్పిన నోరు కదా. కొట్టుదొర వైపు చూశాడు. కొట్టుదొర తనిఖీదారు వైపు చూశాడు. వాళ్ళిద్దరికీ అర్థమైంది.

"ముద్ర చెరిపిందెవరు?" అన్నాడు తనిఖీదారు.

"నాను బాబూ. మీ ఎదరే గదా..."

"ముద్ర చెరిపినవాళ్ళే దొంగ. ఈ రాశిలో గింజంతా ఇదే తినేసింది. మిగతా రెండింటికీ ముద్రలు బాగున్నాయి."

వెళ్ళి భోంచేశాడు. దొంగ దొరికిందని, రెండు రాశులు భద్రమని, బళ్ళు అక్కర్లేదని రాజుకు విన్నవించాడు. రాజు మెచ్చి శాలువా కప్పాడు. అసిరమ్మ కుడిచెయ్యి నరికారు. ఆ పుండుతోనే పోయింది. అడ్డుపడినవాడు ఒక్కడూ లేడు. ఊక తీసిన చెయ్యి మాత్రం అందరూ చూశారు.

నెల తిరగకుండా మిగతా రాశులు విప్పారు. ముద్రలు చెక్కుచెదరలేదు. కింద ఊక. ఆ ఏడు జనం ఊకే జావ కాచుకున్నారు. చంటిది దక్కలేదు.

ఆ సీమలో ఇప్పటికీ రాశికి ముద్రలు వేసేటప్పుడు ఒకచోట చెయ్యి పట్టేంత మేర బూడిద పరవరు. దాన్ని అసిరమ్మ జాగా అంటారు. పంచేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు ముందుగా అక్కడ మోచేతిదాకా చెయ్యి దూర్చి, లోపలి గింజ తీసి చూస్తారు. పై నుంచి ఏ పెద్దమనిషో వచ్చి అంతా సవ్యంగా ఉందని చెప్పబోతే, ముసలమ్మలు ఒక్క మాటే అడుగుతారు.

"సెయ్యెట్టి సూసినావా, నాయినా?"

పెద్దమనిషి నవ్వుతాడు. భోజనానికి వేళైందంటాడు.