జేబు పిస్తోలూ, అంకమ్మ ముక్కెరా

వెదుళ్ళపాడులో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే మాలకొండయ్య నేరుగా తన గడప వైపు వేలు చూపించేవాడు. ఆ ఇంట్లో ఆయన, ఆయన భార్య సుబ్బరత్తమ్మ, తమ్ముళ్ళు పెంచలయ్య, వెంగయ్య. పొలాలు పంచుకున్నారు గానీ తెలివి మాత్రం ఇంకా ఉమ్మడిగానే వాడుకుంటున్నారు. వాళ్ళ గోడ గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంది. ఇంకొకళ్ళయితే బాగుచేయించేవాళ్ళు. వీళ్ళు అట్లా డబ్బు తగలెయ్యలేదు. టైమెంతయిందో చూడాలనిపిస్తే పది నిమిషాలు ఆగి చూస్తారు. అంతే, లెక్క సరిపోయిందని అందరూ సంతోషిస్తారు.

అలాంటి ఇంటికి ఆ ఏడు పెద్ద చిక్కు వచ్చిపడింది.

అంకమ్మ తల్లి ముక్కెర ఏడాది పొడుగునా వాళ్ళింట్లోనే ఉంటుంది. తిరునాళ్ళ రోజు పొద్దున్నే దాన్ని భరిణెలో పెట్టుకుని, తాటితోపుల మీదుగా నడిచి, కొండకింద గుడిలో పూజారి చేతికివ్వాలి. మేళం ఉండకూడదు, జనం వెంట రాకూడదు, ఆ ఇంటి మగవాళ్ళే వెళ్ళాలి. అది ఆచారం. ముక్కెర గుడికి చేరకపోతే మోసే హక్కు ఎదురింటి కోటిలింగం వాళ్ళకి పోతుంది. నాన్న ఉన్నన్నాళ్ళూ నాన్నే మోశాడు. మాలకొండయ్యకి ఇదే మొదటిసారి. పైగా తాటితోపులో దొంగ తిరుగుతున్నాడని కబురు. ఆ కబురు విన్నప్పటినుంచీ మాలకొండయ్యకి ముద్ద దిగడం లేదు. కోటిలింగం తన అరుగు మీద కూర్చుని మీసం దువ్వుకోవడం చూస్తే అసలే దిగడం లేదు.

"జేబులో పట్టే పిస్తోలు కొందాం అన్నా" అన్నాడు పెంచలయ్య.

"పెద్ద తుపాకీ కొంటే పోలేదా?"

"పెద్దదయితే దొంగ దూరం నుంచే చూసి పారిపోతాడు. అప్పుడు మనం కొన్నది దండగే కదా!"

"అబ్బ, ఏం బుర్రరా నీది!" అని మాలకొండయ్య తమ్ముణ్ణి కావలించుకున్నాడు.

లైసెన్సు కోసం తిరిగారు. చాన్నాళ్ళకి ఆఫీసరు కాగితం చేతికిస్తూ, "ఇది ప్రాణరక్షణకి మాత్రమే, గుర్తుపెట్టుకోండి" అన్నాడు. ముగ్గురూ మూడుసార్లు పైకి చెప్పుకుని గుర్తుపెట్టుకున్నారు.

పిస్తోలు జేబుకు సరిపోవాలి కదా, జేబు లేకుండా కొలత ఎట్లా? కొత్త చొక్కా వేసుకెళ్తే బస్సులో నలిగిపోతుంది. అందుకని మాలకొండయ్య చొక్కా ఇంట్లో పెట్టి, జేబు మాత్రం కత్తిరించి, కాగితంలో చుట్టుకుని పట్నం బస్సెక్కాడు. తమ్ముళ్ళు వెంట వెళ్ళారు.

తుపాకుల షాపు మస్తాన్ సాహెబు చాలా ఓపికున్నవాడు. ఉత్త జేబుని చూసి కూడా కొలత తీసుకున్నాడు.

"చిన్నదే తీసుకోండి. జేబులో ఉన్నట్టు పైకి కనపడకూడదు, అదీ ముఖ్యం" అని ఒక పిస్తోలు తీసి ముందు పెట్టాడు.

మాలకొండయ్య దాన్ని జేబుగుడ్డలో దూర్చి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "కనపడటంలేదు. బాగుంది."

ఇంకోటి తీశాడు సాహెబు. మళ్ళీ కళ్ళు మూశాడు. "ఇదీ కనపడటంలేదు."

షాపులో ఉన్నవన్నీ అయిపోయాయి. ఒక్కటీ కనపడలేదు. "అన్నీ బాగున్నాయి సాహెబూ, ఇక ఏరుకునేది ఎట్లా?" అని మాలకొండయ్య దిగులుపడ్డాడు.

"తూటాలు చూసి ఏరుకోండి. దీనిలో ఏడు పడతాయి. దానిలో ఆరు."

"ఏడు వద్దు" అన్నాడు వెంగయ్య. ఇంట్లో లెక్కలన్నీ వెంగయ్యవే. "ముగ్గురికి తలా రెండు, ఒకటి మిగులుతుంది. దాని కోసం కొట్టుకు చస్తాం. ఆరుదే ఇయ్యి."

"అయ్యా, తూటాలు మీకు కాదు, దొంగలకి!"

"దొంగలెంతమంది?"

"నాకేం తెలుసు?"

"దొంగలెంతమందో తెలియకుండా తూటాలు ఎట్లా అమ్ముతున్నావయ్యా?" అని వెంగయ్య కోప్పడ్డాడు.

సాహెబు ఆరుదే చుట్టి ఇచ్చాడు. వీళ్ళు మళ్ళీ వెనక్కి రాకూడదని వెళ్ళేటప్పుడు అన్ని జాగ్రత్తలూ చెప్పాడు. "తూటాలు విడిగా పెట్టుకోండి. పిస్తోలు జేబులోంచి జారిపడకుండా చూసుకోండి. మీ దగ్గర ఉన్న సంగతి ఎవరికీ తెలియనీయకండి."

ఇంకేముంది! ఇంటికొచ్చి సాహెబు చెప్పినవి చెప్పినట్టు చెయ్యడం మొదలుపెట్టారు.

జేబుని మళ్ళీ చొక్కాకి అతకాలి. సుబ్బరత్తమ్మ దబ్బనం, పురికొస తెచ్చుకుని కూర్చుంది. మూడువైపులా కుట్టి, నాలుగోవైపు చూసి ఆగిపోయింది. "ఏమయ్యా, ఇటు తెరిచి ఉంటే జారిపడదూ?"

"పడుతుంది!" అన్నారు ముగ్గురూ.

అంతే, పిస్తోలు లోపల పెట్టి నాలుగోవైపు కూడా బిగించి కుట్టేసింది. మాలకొండయ్య చొక్కా తొడుక్కుని గెంతి చూశాడు, వంగి చూశాడు, తలకిందులుగా నిలబడి చూశాడు. జారలేదు.

కానీ ఎడమ పక్క జేబు ఉబ్బెత్తుగా ఉంది. ఎవరు చూసినా తెలిసిపోతుంది. పెంచలయ్య కాసేపు బుర్ర గోక్కుని, "ముగ్గురి జేబులూ ఉబ్బితే ఎవరి జేబులో ఉందో ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు. వెంటనే రెండు పచ్చి వెలగకాయలు తెచ్చి తమ్ముళ్ళ జేబుల్లో పెడితే, సుబ్బరత్తమ్మ వాటినీ నాలుగువైపులా కుట్టింది. ముగ్గురికీ ఒకే తానులో గుడ్డ, ఒకే దర్జీ. ముగ్గురూ వరసగా నిలబడితే నిజంగానే తేడా తెలియలేదు. చొక్కాలు విప్పి దండెం మీద వేసి పడుకున్నారు. తెల్లారి చూస్తే వాళ్ళకీ తెలియలేదు.

"ఏది నాది?" అన్నాడు మాలకొండయ్య.

నొక్కి చూశారు. మూడూ గట్టిగానే ఉన్నాయి. తట్టి చూశారు. మూడూ టకటకమన్నాయి. కుట్లు విప్పుదామంటే సుబ్బరత్తమ్మ మండిపడింది. "వేళ్ళు పొక్కేట్టు కుట్టాను, మళ్ళీ నా వల్ల కాదు!"

"కంగారెందుకు? వెలగకాయ మగ్గితే వాసనొస్తుంది. పిస్తోలు మగ్గదు. వాసన రానిదే అన్న చొక్కా" అన్నాడు పెంచలయ్య.

అట్లాగే కాచుకుని కూర్చున్నారు. తిరునాళ్ళ ముందురోజుకి రెండు చొక్కాలు గుమ్మని వాసన కొట్టాయి. మూడోది తీసి మాలకొండయ్య కళ్ళకద్దుకుని తొడుక్కున్నాడు. ఎప్పుడెప్పుడు ముక్కెర గుడికి చేర్చి కోటిలింగం మీసం కిందికి దిగడం చూస్తానా అని ఉంది ఆయనకి.

ఒక్కటే మిగిలింది. పిస్తోలు సంగతి ఎవరికీ తెలియకూడదు. తెలియదని ఎట్లా తెలుస్తుంది? అడిగితేనే కదా! మాలకొండయ్య ఇల్లిల్లూ తిరిగాడు.

"అక్కా, నా జేబులో పిస్తోలున్న సంగతి నీకు తెలుసా?"

"అయ్యో, తెలియదు తమ్ముడా!"

"హమ్మయ్య. తెలుసుకోకు మరి."

చివరికి టీకొట్టు దగ్గర, ఎర్రతువ్వాలు చుట్టుకున్న కొత్త మనిషిని కూడా వదల్లేదు. అతను కూడా తెలియదనే చెప్పాడు. పైగా ఎంతో మర్యాదగా, "ఎందుకన్నా పిస్తోలు?" అని అడిగాడు.

"రేపు పొద్దున అమ్మవారి ముక్కెర పట్టుకుని తాటితోపు మీదుగా పోవాలి. దొంగ ఉన్నాడట."

"అవునా! జాగ్రత్తన్నా" అన్నాడు అతను. టీ డబ్బులు కూడా అతనే ఇచ్చాడు.

"ఊరు ఊరంతా అడిగాను. ఒక్కడికీ తెలియదు!" అని మాలకొండయ్య ఇంటికొచ్చి కడుపారా అన్నం తిన్నాడు.

తెల్లారింది. భరిణె మాలకొండయ్య చేతిలో, తూటాలు వెంగయ్య పెరుగన్నం మూటలో. ముగ్గురూ బయలుదేరారు. వెలగపండు వాసనకి ఊరి మేకలు పొలిమేర దాకా వెంటవచ్చాయి. తాటితోపు మధ్యకి వచ్చేసరికి చెట్టు చాటునుంచి ఎర్రతువ్వాలు మనిషి బయటికి వచ్చాడు. చేతిలో కత్తి.

"ఓరి, నువ్వా తమ్ముడూ!" అన్నాడు మాలకొండయ్య.

"నేనే. భరిణె ఇట్లా ఇయ్యి."

అప్పటికి గానీ మాలకొండయ్యకి అర్థం కాలేదు. కళ్ళముందు నాన్న కనిపించాడు, నాన్న వెనకే కోటిలింగం మీసం కనిపించింది. చెయ్యి జేబు మీదికి పోయింది.

"అన్నా ఆగు! ప్రాణరక్షణకి మాత్రమే అన్నాడు ఆఫీసరు. ఇతను అడుగుతున్నది ముక్కెర కదా" అన్నాడు వెంగయ్య.

"నిజమే. ఏమయ్యా, నీకు మా ప్రాణాలేమన్నా కావాలా?"

"మీ ప్రాణాలు నేనేం చేసుకోను? ముక్కెర చాలు."

"చచ్చాం పో! అట్లా అంటే పిస్తోలు తియ్యడానికి లేదయ్యా. చంపుతానని ఒక్క మాట అను, పుణ్యముంటుంది."

దొంగకి విసుగొచ్చింది. "సరే, చంపుతా!"

"విన్నారుగా!" అని మాలకొండయ్య సంబరంగా జేబు పట్టుకున్నాడు. గోళ్ళతో పీకాడు. పురికొస కదల్లేదు. పెంచలయ్య పళ్ళతో కొరికాడు. పన్ను కదిలింది.

"తమ్ముడూ, ఆ కత్తి ఒకసారి ఇస్తావా?" అన్నాడు మాలకొండయ్య.

"నేనే కోస్తా ఉండు" అని దొంగ దగ్గరికొచ్చి, జేబు కోసి, పిస్తోలు చేతిలోకి తీసుకున్నాడు.

"జాగ్రత్త, కత్తి తగిలి చెయ్యి తెగేను" అని మాలకొండయ్య అంటుండగానే వెనకాల ఎడ్లబండ్ల గంటలు వినిపించాయి. తిరునాళ్ళకి వెళ్ళే జనం. దొంగ భరిణె సంగతి మరిచి, పిస్తోలుతో తాటిచెట్ల మధ్యనుంచి పరుగు లంకించుకున్నాడు.

ముక్కెర దక్కింది! మాలకొండయ్య భరిణెని గుండెలకి హత్తుకున్నాడు. గుడి గోపురం కూడా కనిపిస్తూనే ఉంది. ఇంక నాలుగడుగులు వేస్తే చాలు.

అప్పుడే పెంచలయ్య నాలుక కరుచుకున్నాడు. "అన్నా! లైసెన్సు మన దగ్గరే ఉండిపోయింది. అతను ఉత్త పిస్తోలు పట్టుకుని పోయాడు. పోలీసులకి దొరికితే జైల్లో వేస్తారు పాపం!"

"అయ్యయ్యో, మన పిస్తోలు వల్ల ఒకడు జైలుకి పోవడమా? పదండ్రా!"

ఇంకేముంది, ముగ్గురూ గుడి వదిలేసి దొంగ వెంటపడ్డారు. దొంగ వెనక్కి చూసి ఇంకా జోరుగా పరిగెత్తాడు. కాలవగట్టు దగ్గర ఊపిరి అందక కూలబడి, చేతులెత్తేశాడు. "బాబ్బాబు, కొట్టకండి!"

"కొట్టడమేంటయ్యా! ఇదిగో నీ లైసెన్సు. ఇవిగో తూటాలు, పిస్తోలు లేకుండా మాకెందుకూ పనికిరావు. ఉండు, లైసెన్సు మీద నా పేరుంది, కొట్టేసి నీది రాస్తా. ఈ భరిణె ఒక్క క్షణం పట్టుకో."

దొంగ నోరు తెరుచుకుని భరిణె పట్టుకున్నాడు. మాలకొండయ్య కాగితం మోకాలి మీద పెట్టుకుని, "పేరు?" అన్నాడు.

"ఏదో ఒకటి రాసుకో" అన్నాడు దొంగ బిక్కమొహంతో.

మాలకొండయ్య గుండ్రటి అక్షరాలతో 'ఏదో ఒకటి' అని రాసి కాగితం అతని చేతిలో పెట్టాడు. తర్వాత భరిణె కోసం చెయ్యి చాపాడు. పెంచలయ్య ఆ చెయ్యి గభాలున పట్టుకున్నాడు.

"అన్నా, కాస్త ఆలోచించు. పిస్తోలు ఎవరి దగ్గరుంది?"

"అతని దగ్గర."

"తూటాలు? లైసెన్సు? కత్తి?"

"అన్నీ అతని దగ్గరే."

"మన దగ్గరేముంది? వెలగపండ్లు. ఇట్లా ఉత్తచేతులతో ముక్కెర మోసుకుపోతుంటే దారిలో దొంగ ఎదురైతే?"

మాలకొండయ్య చాపిన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కొంచెంలో ఎంత ప్రమాదం తప్పింది! తమ్ముడి వీపు తట్టి, దొంగ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "అయ్యా, మా వంశం పరువు మీ చేతిలో ఉంది. గుడి అదిగో, అటు. మీరే చేర్చండి."

దొంగ ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. మెల్లగా లేచాడు. గుడి ఉన్న వైపు కాకుండా రెండో వైపు గబగబా నడిచాడు.

"చూశావా, చుట్టుదారిన పోతున్నాడు. మనకే తోచలేదు ఆ ఉపాయం!" అన్నాడు వెంగయ్య.

మాలకొండయ్య మనసు తేలికైంది. కానీ పెద్దవాడు కదా, బాధ్యత ఊరుకోనివ్వలేదు. గట్టు ఎక్కి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని, దూరమైపోతున్న మనిషి వెనకాల గొంతు చించుకుని అరిచాడు.

"అయ్యా! ఈ చుట్టుపక్కల దొంగ తిరుగుతున్నాడట. జాగ్రత్త!"