నూకాలు నీడమడి

అనగనగా, మన తాతల తాతలు ఉయ్యాల్లో ఊగే రోజుల్లో, ఏనుగురాయి కొండ కింద పూలు పండించుకునే ఊరొకటి ఉండేది. ఆ ఊళ్లో నూకాలు ఒంటరి మనిషి. మొగుడు పోతూ ఆమెకు మిగిల్చింది ఒక్క మడి. అదీ సరిగ్గా కొండ నీడలోనే. పొద్దు పొడిచినా నీడే, పొద్దు నడినెత్తికొచ్చినా నీడే, పొద్దు వాలినా నీడే.

ఆ ఊరికో కట్టుబాటు ఉంది. అమ్మోరి జాతరకు ప్రతి మడి నుంచీ తట్టెడు పూలు రావాలి. వరసగా మూడేళ్లు తట్ట రాకపోతే ఆ మడి ఊరిదైపోతుంది. మడి పోతే నూకాలుకు కూడు లేదు, ఊళ్లో చోటూ లేదు.

మొదటి ఏడు బంతి వేసింది. కాడలు సాగాయి, మొగ్గ లేదు. రెండో ఏడు చామంతి వేసింది. ఆకు వచ్చింది, పువ్వు లేదు.

"ఒలే నూకాలూ, ఎండ నేని సోట ఏటి పండుద్దే? ఒగ్గెయ్" అన్నాడు ఊరిపెద్ద సింహాద్రినాయుడు.

"ఒగ్గను బాబూ" అంది నూకాలు, మడి వదిలేది లేదంటూ.

మూడో ఏడు ఆమె ముందుగా విత్తనం ముట్టుకోలేదు. మూడు రోజులు గట్టు మీద కూర్చుని నీడనే చూసింది. నీడంతా ఒకటే అనుకున్న మనిషికి అప్పుడు తెలిసింది, అందులోనూ తేడాలున్నాయని. తూర్పు గట్టును పొద్దున్నే కాసేపు ఎండ తాకుతోంది. నడుమ వెలుగుంది, ఎండ లేదు. కొండ మొదట్లో ఆ వెలుగూ అంతంతే. ఎక్కడికక్కడ గులకరాళ్లు పేర్చి హద్దులు పెట్టుకుంది.

"నూకాలు రాళ్లు నాటతందిరోయ్!" అని ఊరు పగలబడి నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకుంది.

తూర్పు గట్టున కనకాంబరం నాటింది. నడుమ చిలకముక్కు పూల విత్తనం చల్లింది. మరి కొండ మొదట్లోకి ఏం కావాలి? వాగు వెంట అడవిలోకి పోయింది. పెద్ద చెట్ల కింద, ఎవరూ నాటకుండానే, ఎవరూ నీళ్లు పోయకుండానే ఏవి బతుకుతున్నాయో వెతికింది. ఎర్రాకులు, పసుపు చుక్కల ఆకులు, వంకాయరంగు ఆకులున్న మొక్కలు దొరికాయి. వేళ్లు తెగకుండా తవ్వి మోసుకొచ్చింది. నీడలో తడి త్వరగా ఆరదు కదా, మట్టిలో వేలు గుచ్చి చూసిగానీ నీళ్లు పోయలేదు.

జాతర నాడు తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. పైన నాలుగు గుప్పెళ్ల పూలు, కిందంతా రంగురంగుల ఆకులు. నాయుడు మొహం చిట్లించాడు.

"ఆకులేటే? నీడలో పుట్టింది అమ్మోరికెలా పెడతావే? ఆ మడి ఒగ్గెయ్."

"ఒగ్గను బాబూ."

అమ్మోరి గుడి అంటే కొండ అడుగున చిన్న గుహ. నూకాలు అటు చెయ్యి చూపించింది.

"ఆ తల్లి కూసున్న సోట ఏ పొద్దైనా ఎండ పడిందా బాబూ? నీడలోనే ఉండి మనందర్నీ సాకుతంది. ఆ నీడలో పుట్టిన ఆకు ఆ తల్లికే పనికిరాదా?"

నాయుడు తలగుడ్డ తీసి, తన చేతులతోనే ఆ తట్ట అందుకుని గుహలోకి నడిచాడు.

నూకాలు బతికినన్నాళ్లూ ఆ మడి చేసుకునే బతికింది. ఆమె పోయాక ఊరు దాన్ని పంచుకోలేదు, వంతులేసుకుని సాగు చేసింది.

ఇప్పటికీ ఆ జాతరలో ముందు నూకాలు తట్ట రావాలి. అంతదాకా ఊరిపెద్ద తట్టైనా గుహ బయట ఆగాల్సిందే. ఒక్కోసారి ఆలస్యమవుతుంది. బంతులు వాడిపోతుంటాయి, మాడు పగిలిపోతుంటుంది. అయినా ఎవరూ విసుక్కోరు. ఊరు ఊరంతా ఎండలో నిలబడి, నీడలోంచి వచ్చే ఆ తట్ట కోసం ఎదురుచూస్తుంది.